వంకాయ తినరాదు, కోపగించుకోరాదు

ఆ రోజుల్లో వస్తువులు మనుషులతో మాట్లాడేవి కావు. కోస్తానని బ్లేడు చెప్పేది కాదు, కాలుస్తానని అగ్గిపెట్టె చెప్పేది కాదు. తెగిన వేలో, కాలిన చెయ్యో, పక్కనున్న పెద్దవాళ్ళు వేసిన మొట్టికాయో ఆ సంగతి చూసుకునేవి. ఇప్పుడలా కాదు. మొన్న మధురవాడలో మా అబ్బాయి కొత్త ఫ్లాటుకి వెళితే, స్నానాల గదిలో ప్లాస్టిక్ బకెట్టు మీద ఒక పిల్లవాడు తలకిందులుగా పడుతున్న బొమ్మా, దాని మీద ఎర్రటి అడ్డగీతా కనిపించాయి. గొడుగు కొంటే పిడుగుల గురించి, దువ్వెన కొంటే కళ్ళ గురించి, దోమల బ్యాటు కొంటే దాన్ని నాలుకతో తాకడం గురించి ఎవరో మహానుభావుడు ముందే ఆలోచించి పెట్టాడు. "ఎవరు మావయ్యగారూ ఇవన్నీ రాసేది? పనీపాటా లేనివాళ్ళు కాకపోతే!" అని మా కోడలు నవ్వింది. నేను నవ్వలేదు. మా ఆవిడ మాత్రం నావంక చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకప్పుడు ఇదే విశాఖపట్నంలో కూర్చుని అలాంటివి రాసినవాణ్ణి నేనే. పనీపాటా లేక కాదు, నా పనే అది.

అప్పుడు ఎనభైలు మొదలవుతున్నాయి. మాది గోదావరి జిల్లా. నాన్నకి ఇక్కడి రేవులో టాలీ గుమాస్తా పని (అంటే ఓడలోకి ఎక్కే బస్తాలూ దిగే బస్తాలూ లెక్క రాసుకునే పని) దొరికితే, నాయనమ్మతో సహా అందరినీ రైలెక్కించి తీసుకొచ్చేశాడు. నేను బి.ఏ. పాసయ్యాను. (ఏ క్లాసులో అన్నది అడిగినవాళ్ళకే చెప్పేవాణ్ణి.) ఊరి చివర స్టీలు ప్లాంటు కడుతున్నారు, అది పూర్తయితే ఊళ్ళో ఖాళీగా ఉన్నవాళ్ళందరికీ ఉద్యోగాలే అనేవారు. ప్లాంటుకి తొందర లేదు, నాకూ లేదు, నాన్నకి మాత్రం ఉంది. సాయంత్రం రేవు నుంచి రాగానే నడుముకి ఇంత బామ్ పట్టించుకుని, పడక్కుర్చీలో కూర్చుని, "ఇవాళైనా ఏమైనా కదిలిందా?" అని మొదలుపెట్టేవాడు. లేదని చెప్పడానికి నాకు ఒక్క మాట చాలేది, ఆయనకి మాత్రం భోజనాల వేళ దాకా పట్టేది. చివరికి విసిగిపోయి, ఆ బామ్ తయారుచేసే సాయిబుగారి దగ్గరే నన్ను పనిలో పెట్టి వచ్చాడు.

సాయిబుగారిది పాతవూళ్ళో తాతల నాటి పెంకుటిల్లు. ముందుగది ఆఫీసు, వెనక వసారా ఫ్యాక్టరీ. వసారాలో పెద్ద గిన్నెలో మైనం కరుగుతూ, అందులో కర్పూరమూ పిప్పరమెంటు పువ్వూ నీలగిరి తైలమూ కలుస్తుంటే, ఆ వీధిలో ఎవరికీ జలుబన్నది చేసేది కాదు. ఆ బామ్‌ని చిన్న రేకు డబ్బాల్లో పోసి, రేవు గేటు దగ్గర బస్తాలు మోసే కళాసీలకి అమ్మే మనిషి ఒకడుండేవాడు. అతన్ని అందరూ డబ్బా బావ అనేవారు, అతను ఊళ్ళో మగవాళ్ళందరినీ బావా అనేవాడు. సరుకు మంచిదే గాని, ఊరంతా ఫారిన్ వస్తువుల వెర్రిలో ఉంది. ఓడల మీద వచ్చే నావికులు చాటుమాటుగా అమ్మే టార్చిలైట్లూ సబ్బులతోపాటు ఒక ఫారిన్ బామ్ కూడా దిగింది. అదే పసుపు రంగు, అదే వాసన. తేడా ఏమిటంటే, దాని డబ్బాతో మడతలు పెట్టిన కాగితం ఒకటి వచ్చేది. విప్పితే తువ్వాలంత. దాన్నిండా హెచ్చరికలే, ఎన్నో భాషల్లో. వాటిలో మనకొచ్చిన భాష ఒక్కటీ లేదు. కళాసీలు మన డబ్బా వదిలేసి దాని కోసం ఎగబడుతున్నారు.

సాయిబుగారు ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా మా డబ్బాలే బరువు పెట్టి, నన్ను కూర్చోబెట్టారు. "చూడు బేటా, వాళ్ళ బామ్‌లో ఉన్నదంతా మన బామ్‌లో ఉంది. లేనిది ఒక్కటే. డర్. భయం! మన డబ్బా చూస్తే ఎవడికీ భయం వెయ్యట్లేదు. ఆ భయమేదో నువ్వు రాసిపెట్టు" అన్నారు. డబ్బా బావ కూడా తలూపాడు. "నిజిమే బావా. మొన్న ఫారిన్ సబ్బొకటొచ్చింది. దాని మీద తినకూడదని రాసుందంట. తినొద్దన్నాడంటే తినాలనిపించేంత బాగుందన్నమాటే కదేటి? మా ఈదిలో అందరూ కొనీసినారు."

నా మొదటి హెచ్చరిక "కంట్లో పెట్టుకోరాదు". రోజంతా ఆలోచించి రాశాను. డబ్బా బావకి చదువు రాదు, కాగితం నోటికి వస్తేగాని గేటు దగ్గర అరవలేడు, అందుకని ప్రతిదీ పైకి చదివి వినిపించాలి. "ఇదేటి బావా, కంట్లో ఎట్టుకోవద్దని కళ్ళున్నోడికి సెప్పాలేటి? గట్టిది రాయి. ఇన్నోడికి గుండె జారిపోవాల" అన్నాడు. గట్టివే రాశాను. లోపలికి పుచ్చుకోరాదు. దేవుడి దీపంలో వేయరాదు. ఎద్దుల కొమ్ములకు పట్టించరాదు. పెదవులకు రాసుకుని ఈల వేయరాదు. (ఈ చివరిది సాయిబుగారి సలహా. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.) కాగితాలు అచ్చయ్యాయి, మడతలు పడ్డాయి, డబ్బాలకి చుట్టుకున్నాయి. ఒక్క డబ్బా ఎక్కువ అమ్ముడుపోలేదు.

దారి చూపించింది మా నాయనమ్మ. ఇంట్లో కూర్చుని హెచ్చరికలు చదువుకుంటుంటే విని, పెదవి విరిచేసింది. "ఒరేయ్ అబ్బాయ్, ఇవేం రాతల్రా! మందన్నాక పథ్యం ఉండాలి. ఏం తినకూడదో చెప్పకపోతే అది మందెలా అవుతుంది, మైనం అవుతుంది గాని" అంది. పథ్యాల్లో ఆవిడ పండితురాలు. జీవితంలో ఆవిడ చేసిన పథ్యాలన్నీ కలిపితే ఆనపకాయ, తోటకూర, మా అమ్మ చేసే ఉలవచారు ఎప్పటికీ కూడనివిగా తేలేవి. పొరపాటున పథ్యం తప్పితే దానికో విరుగుడు కూడా ఉండేది, చక్కగా అల్లం దంచి వేసిన టీ. (ఆవిడ జబ్బుల్లో ఏ ఒక్కటీ ఆవకాయ జోలికి పోయేది కాదు. ఇది గమనించాల్సిన సంగతని అప్పట్లో నాకు తట్టలేదు.)

"ఈ బామ్ రాసుకున్న పూట వంకాయ తినరాదు" అని రాశాను. వారం తిరిగేసరికి సాయిబుగారు ఇంకో పెద్ద గిన్నె కొన్నారు.

అక్కడి నుంచి నాకు పట్టపగ్గాలు లేవు. ఉత్తరం తిరిగి రాసుకోరాదు. ఎడమచేత్తో మూత తీయరాదు. ఒకరి డబ్బాలోది మరొకరు రాసుకోరాదు. (ఈ రూలు వచ్చాక ఇంటికి రెండేసి, మూడేసి డబ్బాలు పోయాయి. సాయిబుగారు ఆ సాయంత్రం నాకు సేమ్యా పాయసం పెట్టించారు.) నా పేరు రూల్సు బాబు అయింది. జనం సందేహాలు తీర్చుకోవడానికి ఏకంగా ఆఫీసుకే వచ్చేవారు. "బాబూ, వంకాయ కూడదన్నారు, సాంబారులోది తీసీసి ఉట్టి సాంబారు పోసుకోవచ్చేటండి?" అని ఒకాయన. "ఎండుసేపల సంగతేటి బాబూ?" అని ఇంకో ఆవిడ. నేను కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, "తోకవైపు తినొచ్చు" అనేవాణ్ణి. ఆవిడ దండం పెట్టి వెళ్ళేది. బి.ఏ. చదివిన మూడేళ్ళలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అందుకని ఆ దండాలు నాకు చాలా బాగుండేవి, దాచుకోవడం ఎందుకు.

ఒక్క రూలు మాత్రం కేవలం స్వార్థంతో రాశాను. "రాసుకున్న తరువాత అరగంట వరకు కోపగించుకోరాదు. కోపగించుకున్నచో మందు వికటించును." నాన్న ఆ కాగితం చదివిన సాయంత్రం బామ్ రాసుకుని పడక్కుర్చీలో కూర్చున్నాడు. నావంక చూశాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. గోడ గడియారం వంక చూస్తూ అరగంట గడిపి, ఆ తరువాత తిడదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో మరిచిపోయాడు. మా ఇంట్లో అంత ప్రశాంతంగా ఎవరూ అన్నం తిని ఎరగరు.

ఆ ప్రశాంతతలోనే నాకు పెళ్ళి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రిదీ మా గోదావరే, రేవులో సరుకు దించే ఒక కాంట్రాక్టరు దగ్గర ఫోర్‌మన్. అబ్బాయి ఏం చేస్తున్నాడంటే, "మందుల కంపెనీలో ఆఫీసరు" అన్నాడు నాన్న. అబద్ధం కాదు, కొంచెం దూరం నుంచి చూస్తే. పెళ్ళిచూపులకి వెళ్ళాం. పిల్ల నాకు కాఫీ గ్లాసు ఇస్తూ, తల ఎత్తకుండానే, "వేడిగా ఉంది, జాగ్రత్త" అంది. ఊరికి ఇన్ని హెచ్చరికలు రాసినవాణ్ణి, నన్ను ఒకరు హెచ్చరించడం అదే మొదలు. ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను. ఆ కంగారులో కాఫీ గటగటా తాగేసి నాలుక కాల్చుకున్నాను. ఇక ఎంత అడిగినా మాట రాలేదు. అబ్బాయి నెమ్మదస్తుడని వాళ్ళు సంతోషించారు. ముహూర్తాలు చూసుకుని కబురు పెడతామన్నారు. ఆ పిల్లని తప్ప ఇంకెవరినీ చేసుకోనని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను.

మనిషికి సంతోషం ఎక్కువైతే ధర్మబుద్ధి పుడుతుంది కాబోలు. మరునాడు రేవు గేటు దగ్గర ఒక పెద్దవయసు కళాసీ, నడుం నిటారుగా నిలవని మనిషి, మా డబ్బా కొనుక్కుని బొడ్డులో దోపుకుని మళ్ళీ బస్తాల కిందికే వెళ్ళడం చూశాను. ప్రాణం చివుక్కుమంది. ఇన్నాళ్ళూ వంకాయలంటూ ఉత్తరదిక్కంటూ రాశాను, పనికొచ్చే మాట ఒక్కటి రాశానా అనుకుని, ఆ రోజే కొత్త కాగితంలో పై వరసలో అచ్చు వేయించాను: "ఈ బామ్ రాసుకున్న రోజున బరువు ఎత్తరాదు." నా ఉద్యోగం మొత్తంలో నేను రాసిన నిజమైన హెచ్చరిక అదొక్కటే. కొంప ముంచింది కూడా అదే.

నాలుగు రోజుల తరువాత, పొద్దున్న పదింటికి డబ్బా బావ రొప్పుకుంటూ వచ్చాడు. "బావా, కొంప ములిగిపోనాది! రేవులో యూరియా ఓడ దగ్గిర ఒక్కడూ బస్తా ముట్టుకోడం నేదు. అందరూ నీడన కూకున్నారు. ఏటర్రా అంటే, బామ్ రాసుకున్నాం, బరువెత్తకూడదంట, కాయితంలో ఉందంటన్నారు." "మరి వంకాయ?" అన్నాను. "వంకాయేటి బావా, గుత్తొంకాయ కేరేజీల్లో ఎట్టుకుని తింటన్నారు. ఆ రూలు ఎవడికీ గేపకం నేదు. ఇదొక్కటే గేపకం ఉంది." నాయనమ్మ ఆవకాయ సంగతి నాకు అప్పుడు తట్టింది.

ఇంతలో వీధిలో మోటారు సైకిలు ఆగింది. "ఈ చెత్త రాసిన వెధవ ఎవడు?" అంటూ ఒకాయన కాగితం ఊపుకుంటూ, రెండో చేత్తో నడుం పట్టుకుని లోపలికి వచ్చాడు. నా చేతిలో కలం ఉంది. ఎదురుగా ఉన్నది మా కాబోయే మావగారు.

ఆయన నన్ను చూసి ఆగిపోయాడు. "నువ్వా! మందుల కంపెనీలో ఆఫీసరన్నారు?" అన్నాడు. సాయిబుగారు లేచి సలాము చేసి, "కంపెనీ ఇదే సాబ్. ఆఫీసర్ ఇతనే" అన్నారు ఎంతో వినయంగా. ఆయన ముఖం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి, ఛాతీ నిండా ఊపిరి పీల్చాడు. పెళ్ళి ఇక్కడితో సరి అనుకుని నేను బల్ల పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడు డబ్బా బావ ముక్కు ఎగబీల్చాడు. గాలిలో ఏదో వాసన చూసి, బావా అనడం ఆ పూటకి మాని, చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"బాబూ, తమరు గాని మన బామ్ రాసుకున్నారేటండి?"

"రాసుకున్నాను. ఇప్పుడే, బయల్దేరేముందు. నడుం పట్టేసి చస్తున్నాను. అయితే ఏమిటి?"

"ఏటీ నేదు బాబూ. అరగంట దాకా కోపం కూడదు. మందు ఇకటించీద్ది. నడుం ఒంగినోడు ఒంగినట్టే ఉండిపోతాడంట. కాయితంలో ఉంది, సూడండి."

ఆయన కాగితం చూశాడు. నావంక తిరిగి, బిగబట్టిన గొంతుతో, "నిజమేనా?" అన్నాడు. కాదంటే నా రూల్సన్నీ అబద్ధాలు, సాయిబుగారి రెండో గిన్నె దండగ. అవునంటే ఆ నడుము బాధ్యత నాది. "నిజమేనండి" అన్నాను. ఆలోచించకుండా చెప్పినట్టే వచ్చింది.

ఆయన ఊపిరంతా మెల్లగా వదిలి, ఖాళీ డబ్బాల పెట్టె మీద కూర్చున్నాడు. ఆ తరువాత మాట్లాడిందంతా పిల్లల్ని నిద్రపుచ్చే గొంతుతోనే. "చూడు నాయనా. ఓడ ఊరికే నిలబడి ఉంది. కాంట్రాక్టరు నన్ను బతకనివ్వడు. సాయంత్రానికి నా ఉద్యోగం ఉండదు. ఇది కోపం కాదు, మామూలుగా చెబుతున్నాను. ఆ రూలు తీసేస్తావా, బంగారూ?" బంగారూ అన్నప్పుడు ఆయన పళ్ళు కొరకడం నాకు వినిపించింది. పథ్యం ఒకసారి చెప్పాక తీసెయ్యడం కుదరదనీ, ఒకటి తీస్తే అన్నీ పోతాయనీ, విరుగుడు మాత్రం చెప్పగలననీ అన్నాను. "చెప్పు." "అల్లం టీ అండి."

నలుగురం గేటు దగ్గరికి వెళ్ళాం. కళాసీలు నీడన కూర్చుని ఉన్నారు, తొందరేమీ లేనట్టు. నేను కాగితం విప్పి, లేని వాక్యాన్ని ఉన్నట్టుగా చదివాను: "రాసుకున్న తరువాత బరువు ఎత్తవలసి వచ్చినచో, అల్లం టీ తాగి, కొంతసేపు నడుం వాల్చి, ఆ పిమ్మట ఎత్తవచ్చును." అందరూ శ్రద్ధగా విన్నారు. నేను మొన్న చూసిన పెద్దాయన నిదానంగా లేచాడు. "అల్లం టీ ఒక్కటేనా బాబూ? ఉట్టి టీ తాగితే కడుపులో మంట కదేటి? బన్ను కూడా ఉంటాది కాయితంలో. సరిగ్గా సూడండి."

నేను కాగితాన్ని సరిగ్గా చూశాను. "ఉంది తాతా" అన్నాను.

"వెన్న కూడా ఉందేమో చూడు నాయనా" అన్నాడు మా కాబోయే మావగారు, అదే లాలిపాట గొంతుతో. టీ, బన్ను ఖర్చు ఆయనదే, అందుకని వెన్న లేదని చెప్పాను. అంతవరకూ ఆయనకి మేలు చేశాను.

టీ కొట్టు వాడు పొయ్యి ఎగదోశాడు. అందరూ తాగారు, బన్నులు తిన్నారు, తువ్వాళ్ళు పరుచుకుని నడుములు వాల్చారు. లేచి, తలపాగాలు చుట్టుకుని బస్తాల దగ్గరికి వెళ్ళారు. ఓడ మీంచి బస్తాలు నింపిన వల దిగడం మొదలైంది. ఆయన గడియారం చూసుకున్నాడు. "అరగంట అయిందా?" అన్నాడు. "అయిందండి" అన్నాను, కళ్ళు మూసుకుని. ఎంతసేపటికీ ఏమీ వినబడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన నడుం ఇటూ అటూ తిప్పుకుని చూసుకుంటున్నాడు. "తగ్గిందయ్యా!" అన్నాడు ఆశ్చర్యంగా. బామ్ వల్లో, అరవకుండా కూర్చోవడం వల్లో ఈనాటికీ నాకు తెలియదు. మోటారు సైకిలు ఎక్కబోతూ, నావంక ఎగాదిగా చూసి, "మా అమ్మాయికి ముక్కు మీద ఉంటుంది కోపం, నా పోలికే. నీకే ఇస్తే మంచిది. డబ్బాలు అందుబాటులో ఉంటాయి" అన్నాడు.

పెళ్ళయింది. ఆ ఓడ తరువాత కూడా కళాసీలు పనిలోకి దిగేముందు టీ, బన్ను అడగడం మానలేదు, "రూలు బాబూ" అనేవారు. కాంట్రాక్టర్లు కొన్నాళ్ళు గొణిగి అలవాటుపడ్డారు. నాకు స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. అక్కడ గోడగోడకీ హెచ్చరికలు, అన్నీ నిజమైనవి, అన్నీ అవసరమైనవి. వాటిలో వంకాయ లేకపోవడం వల్లనో ఏమో, ఎవరూ ఆగి చదివేవారు కాదు. సాయిబుగారు పోయాక ఆ బామ్ కూడా పోయింది. పాతవూరు వైపు వెళ్ళినప్పుడు ఇప్పటికీ ఆ వీధిలో ఊపిరి గట్టిగా పీల్చి చూస్తాను. ఏ వాసనా రాదు. మనసు అదోలా అయిపోతుంది.

ఇప్పుడు నా మోకాళ్ళకి మందుల షాపు బామ్ వస్తుంది. రాసేది మా ఆవిడే. ఎంతో శ్రద్ధగా రాస్తుంది. చేతులు కడుక్కుని, పమిటతో తుడుచుకుని, వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని, "ఇక వినండి" అంటుంది. వారం రోజులుగా దాచుకున్నవన్నీ అప్పుడు చెబుతుంది. నేను కోపగించుకోరాదు. ఇది ఆ బామ్ కాదు, ఈ రూలు దీనికి వర్తించదు అని ఒకసారి వాదించి చూశాను, వాసన ఒకటే కదా అంది. నేను రాసిన రూల్సన్నిటిలో ఇంకా అమల్లో ఉన్నది అదొక్కటే. ఒక్కొక్కసారి ఆ కాలంలోకి వెళ్ళి, కలం పట్టుకుని మహా గొప్పగా కూర్చున్న ఆ కుర్రాడి భుజం తట్టి, "ఒరేయ్, అరగంట చాలా ఎక్కువరా, పావుగంట అని రాయి" అని చెప్పాలనిపిస్తుంది. కాని పావుగంటే రాసి ఉంటే, ఆ రోజు టీ మరిగేలోపే మా మావగారికి కోపం వచ్చేసి ఉండేది. ఇప్పుడు నా ఎదురుగా ఈ కుర్చీ ఖాళీగా ఉండేది. ఉండనీ, అరగంటే ఉండనీ.